మా టెర్రస్ తాళం తీయండి: హనుమకొండ అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు నమస్కారం.

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ సంఘం నాకొక నోటీసు పంపింది. బాల్కనీలో "దుర్వాసన వచ్చే కుండలు" పెట్టుకున్నానట, మూడు రోజుల్లో తీసేయకపోతే 500 రూపాయలు జరిమానా అట. నోటీసును తలుపు సందులోంచి తోశారు కాబట్టి ఎవరూ నా మొహం చూసి చెప్పాల్సిన ఇబ్బంది పడలేదు. ఆ తర్వాత రెండు వారాలకు జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినం వచ్చింది. అదే సంఘం వాట్సాప్ గ్రూపులో, భూగోళాన్ని రెండు చేతుల్లో పట్టుకున్న పచ్చటి బొమ్మ పెట్టింది. 40 ఫ్లాట్లలో ముప్పై మంది దాకా దండం బొమ్మలు పెట్టాం. నేనూ పెట్టాను.

కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కొంచెం ఉంది, దాచను. కానీ మా ఒక్క బిల్డింగు సంగతే అయితే మీటింగులోనే తేల్చుకునేదాన్ని. నయీంనగర్, సుబేదారి, వడ్డేపల్లి, కాజీపేట, ఎక్కడ చుట్టాల ఇంటికో పాత విద్యార్థుల ఇంటికో వెళ్లినా గేటు దగ్గరి బోర్డు చదవడం నాకు అలవాటైపోయింది. అక్షరాలు వేరు, మాట ఒకటే. బాల్కనీలో బట్టలు ఆరేయరాదు. టెర్రస్ మీదికి అనుమతి లేదు. కారిడార్‌లో కుండీలు పెట్టరాదు. పాత సామాన్లవాళ్లకు, చిల్లర వ్యాపారులకు ప్రవేశం లేదు. ఖర్చు లేకుండా, భూమికి భారం లేకుండా ఇంట్లో మనిషి చేసుకోగలిగిన పనులను ఏరి ఏరి ఆ బోర్డు మీదికి ఎక్కించినట్టుంటుంది.

సొంతిల్లు ఉన్నవాళ్లు కప్పు గురించి, పెరడు గురించి తామే ఏదో ఒకటి తేల్చుకుంటారు. ఫ్లాటు కొన్నవాళ్లకు కప్పు లేదు, పెరడు లేదు, మోటరు స్విచ్ కూడా లేదు. అవన్నీ మీ చేతుల్లో ఉన్నాయి. "గుడ్డసంచి వాడండి, నీళ్లు పొదుపు చేయండి" అని మాకు మెసేజులు పెట్టే ముందు మీ చేతిలోని తాళాల గుత్తిని ఒకసారి చూసుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

మొదట కుండల సంగతి చెప్తాను, నా తప్పుతో సహా.

మాది పరకాల దగ్గరి పల్లె. చిన్నప్పుడు మా ఇంట్లో చెత్తడబ్బా అనేదే లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ కొట్టం పక్కన కుడితి గోలెంలోకి పోయేవి. బర్రెలు తాగేవి. బర్రెలు ముట్టనిది పెంటకుప్ప మీదికి, ఎండాకాలం అక్కణ్నుంచి బండ్ల మీద పొలానికి. "మన చెత్త ఎక్కడికి పోతుందమ్మా?" అని మా అమ్మను అడిగి ఉంటే ఆమెకు ప్రశ్నే అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం. వంటింటి తడి చెత్తను ఒక నెలంతా తూకం వేశాను. రోజుకు సగటున 650 గ్రాములు వచ్చింది. మామిడిపండ్ల రోజుల్లో టెంకలతో కలిపి కిలో దాటింది. 40 ఫ్లాట్లకు లెక్కేస్తే రోజుకు పాతిక కిలోల పైనే. అదంతా ఆటో ఎక్కి ఊరి బయట గుట్టలో చేరుతుంది. అడుగున గాలి ఆడక కుళ్లి మీథేన్ వదులుతుంది. ఎండాకాలం డంపింగ్ యార్డులు అంటుకుంటే తొందరగా ఆరకపోవడానికి ఆ గ్యాస్ ఒక కారణం. మడికొండ, రాంపూర్ వైపు మీకు చుట్టాలుంటే ఆ పొగ సంగతి అడగండి.

పోయిన ఏప్రిల్‌లో రెండు మట్టికుండలు కొని, అడుగున చిల్లులు పెట్టించి ఎరువు మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, నాకు తెలియందేముంది అనుకున్నాను. ఎండుటాకులు సరిపడా వేయలేదు. ఒకరోజు మిగిలిన సాంబారు కూడా పోశాను. పదో రోజుకు వాసన, పన్నెండో రోజుకు తెల్లటి పురుగులు. అవి గోడ పట్టుకుని రెండో అంతస్తు బాల్కనీలోకి దిగాయి. కింది ఫ్లాటు ఆమె బిడ్డకు నేనే చదువు చెప్పాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నోటీసుకు ముందే రచ్చ అయ్యేది. అంటే మీ నోటీసులో సగం నిజమే.

తర్వాత దారికొచ్చింది. తడి చెత్త ఒక గిన్నెడు వేస్తే ఎండుటాకులు రెండు గిన్నెలు వేయాలి. పిడికిట పట్టి పిండితే ముద్ద కట్టాలి గానీ నీళ్లు కారొద్దు. వారానికి రెండుసార్లు కర్రతో అడుగు నుంచి తిప్పాలి. పులిసిన మజ్జిగ ఒక గ్లాసు చల్లితే తొందరగా మాగుతుంది. వండిన కూరలు, నూనె, మాంసం ముక్కలు వద్దు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువై గాలి తక్కువైందని అర్థం. ఇంకో రెండు గుప్పెళ్ల ఆకులు వేసి తిప్పితే తెల్లారేసరికి తగ్గుతుంది. రెండు నెలలు దాటాక చేతికొచ్చిన నల్లటి ఎరువుకు తొలకరి మట్టి వాసన ఉంది. కింది ఫ్లాటు ఆమె ఇప్పుడు తన కరివేపాకు చెట్టుకు అదే వేస్తోంది.

ఎండుటాకులు ఎక్కడివంటారా? మా గేటు పక్కన వేపచెట్టు ఉంది. రాలిన ఆకును వాచ్‌మన్ రోజూ పొద్దున ఊడ్చి గోడ వెంట కాల్చేవాడు. ఆ పొగ నాలుగో అంతస్తు దాకా వచ్చేది. అదే నాలుగో అంతస్తులో ఒకాయన మొక్కల కోసం కొబ్బరిపొట్టు ఇటుకలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. కింద మన ఆకు బూడిదవుతుంటే, వేరే రాష్ట్రం కొబ్బరిపొట్టు ప్లాస్టిక్ కవరు కప్పుకుని లిఫ్టులో పైకి పోతుంటుంది. ఆరుబయట చెత్త కాల్చడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే వద్దన్నాయి. వాచ్‌మన్‌ను తప్పు పట్టలేం. "పొద్దున లేచేసరికి ఒక్క ఆకు కనపడొద్దు" అన్నది మనమే కదా. నేను అడిగితే ఇప్పుడు బస్తాల్లో నింపి పెడుతున్నాడు. "ఇన్ని ఆకులు ఏం చేసుకుంటరు మేడం" అని మాత్రం రోజూ నవ్వుతాడు.

కుండ ఒక్క ఇంటికే సరిపోతుంది. సంఘం చేయాల్సింది వేరే ఉంది. కాంపౌండు గోడ పక్కన, వాన నీళ్లు నిలవని చోట, ఇటుకల మధ్య సందులు వదిలి రెండు తొట్లు కట్టించాలి. ఒకటి నిండేలోపు రెండోది మాగుతుంది. తిప్పే పనికి వాచ్‌మన్ ఇంటివాళ్లకు నెలనెలా వేరే డబ్బులివ్వాలి. ఈ మాట నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే మన దగ్గర పర్యావరణం పేరుతో మొదలయ్యే ప్రతి పనీ చివరికి వాచ్‌మన్ భార్య చేత ఊరికే చేయించుకునే పనిగా మారుతుంది.

మనవాళ్లు తడి, పొడి చెత్త వేరు చేయరండీ, అంటారు మా కార్యదర్శి గారు. చేశాం సార్. 2012 అక్టోబరులో వారం రోజులపాటు వరంగల్‌లో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ జరిగింది. వేరే ఊళ్ల పారిశుధ్య సిబ్బంది కూడా వచ్చి ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా తీసుకున్నారు. ఇచ్చిన చేతులు మనవే. మా వీధిలో పోటీ పడి మరీ ఇచ్చారు. వేరుగా ఇచ్చినదాన్ని బండివాళ్లు మన కళ్ల ముందే వేరుగా తీసుకున్నారు, అందుకే అప్పుడు నడిచింది. మన సెల్లార్‌లో ఒక్కటే నీలం డ్రమ్ము పెట్టి "దయచేసి వేరు చేయండి" అని కాగితం అంటిస్తే పైనున్నవాళ్లు ఏమనుకుంటారు? వాడిన ప్యాడ్లు, డైపర్లు మాత్రం పేపర్లో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి ఇవ్వాలని అన్ని ఇళ్లకూ చెప్పండి. వాటిని విప్పి చూసేది ఒక మనిషి చెయ్యి.

ఇక గేటు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

"పాత ఇనుముకు ఉల్లిగడ్డలు" అన్న కేక మీకు గుర్తుండే ఉంటుంది. చిక్కువెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆమె, కత్తులకు సాన పట్టే అతను, కుక్కర్లకు, గ్యాస్ పొయ్యిలకు రిపేరు చేసే అతను, పాత చీరలకు బొంతలు కుట్టే ఆమె. వీళ్లెవరికీ ఇప్పుడు మన గేటులోపలికి వచ్చే వీలు లేదు. ఆన్‌లైన్ డెలివరీ పిల్లలకు మాత్రం రోజుకు ఇరవైసార్లు గేటు తెరుస్తాం. అంటే కొత్త సామాను లోపలికి రావడానికి అడ్డు లేదు, పాతది బాగుచేసేవాళ్లకే అడ్డు. మా ఇంట్లో మిక్సీ జార్ బ్లేడు అరిగిపోతే, దాన్ని మార్పించడానికి నేను చౌరస్తా దాకా రెండు ఆటోలు మారి వెళ్లాను. మా కోడలు నవ్వింది, "అత్తయ్యా, ఆటో డబ్బులు పెడితే సగం కొత్త జార్ వస్తుంది" అని. లెక్క ఆమెదే కరెక్టు. రిపేరు మనిషి గేటు దగ్గరికి రాగలిగితే ఆ లెక్క మారుతుంది.

దొంగతనాల భయం నాకూ ఉంది. అందుకని ఎప్పుడంటే అప్పుడు రానివ్వమని అనడం లేదు. నెలలో మొదటి ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా, సెల్లార్‌లో, వాచ్‌మన్ ముందర. పాత సామాన్ల అతన్ని, రిపేరు అతన్ని, కుట్టే ఆమెను పేర్లు రాసుకుని పిలిపించండి. పేపర్లు, సీసాలు, పాత ఛార్జర్లు, చెడిపోయిన ఫ్యాన్లు ఒక్క పూటలో కిందికి దిగుతాయి. రెండు నెలలు చూసి, బాగాలేదనిపిస్తే ఆపేయండి.

టెర్రస్‌కు వద్దాం.

మా టెర్రస్ సుమారు 900 చదరపు మీటర్లు ఉంటుంది. అంత జాగా మీద ప్రస్తుతం నాలుగు ట్యాంకులు, డిష్‌లు, ఒక పెద్ద తాళం ఉన్నాయి. తాళం చెవి అధ్యక్షుల ఇంట్లో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పదింటికే కాలిపోయే ఆ ఎండలో వడియాలు, మిరపకాయలు, మామిడి ముక్కలు చక్కగా ఎండుతాయి. బట్టలు గంటలో ఆరిపోతాయి. మేమేమో హాల్లో స్టాండు వేసి, దాని మీద బట్టలేసి, 75 వాట్ల ఫ్యాను రాత్రంతా తిప్పుతున్నాం. బాల్కనీలో చీర కనిపిస్తే బిల్డింగు విలువ పడిపోతుందన్నారు ఒక మీటింగులో. టెర్రస్ మీద తీగలు కడితే రోడ్డు మీదివాళ్లకు ఎవరి చీరా కనపడదు.

మన దగ్గర కరెంటు ఎక్కడిదో ఒకసారి చెప్పుకుందాం. మా తమ్ముడు భూపాలపల్లిలో సింగరేణి బాయి పని చేసి రిటైరయ్యాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఖాళీ గదిలో వెలిగే లైటును ఆర్పేసి, రెండు దోసిళ్లు కలిపి చూపిస్తాడు, "అక్కా, ఒక్క యూనిట్‌కు ఇంత బొగ్గు" అని. థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్‌కు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మా వంటింటి రోజు చెత్త అంత బరువన్నమాట. చెల్పూరు, రామగుండం ప్లాంట్లు మనకు దూరమేం కాదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల దుమ్ము పడేది మన చుట్టాల ఊళ్ల మీదనే. మా ట్యాంకు పొర్లినప్పుడల్లా నాకు ఆ దోసిళ్లే గుర్తొస్తాయి. 5 హెచ్‌పీ మోటరు 20 నిమిషాలు ఊరికే నడిస్తే యూనిట్ దాటుతుంది, బోరు నీళ్లు మోరీ పాలవుతాయి. మా బిల్డింగులో ఇది వారానికి మూడుసార్లయినా జరుగుతుంది. ట్యాంకు నిండగానే మోటరు ఆపే సెన్సారు పెట్టించమని నేను అడిగి రెండేళ్లయింది. ఆ డబ్బులతో గేటుకు గోల్డ్ కలర్ వేయించారు.

కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకోవడానికి సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టుకున్నవాళ్లకు 78,000 రూపాయల సబ్సిడీ అన్నది అందరికీ తెలుసు. అపార్ట్‌మెంట్ సంఘాలకు కూడా, లిఫ్టు, మోటరు, మెట్ల లైట్ల లాంటి ఉమ్మడి అవసరాలకు, కిలోవాట్‌కు 18,000 చొప్పున ఉందన్న సంగతి మా మీటింగులో ఎవరికీ తెలియదు. 10 కిలోవాట్లకు 100 చదరపు మీటర్ల జాగా చాలు, మా టెర్రస్‌లో తొమ్మిదో వంతు. రోజుకు దాదాపు 40 యూనిట్లు వస్తాయి. మిగతా వివరాలు అడగాలంటే ఉత్తర తెలంగాణ విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం మన నక్కలగుట్టలోనే ఉంది. హైదరాబాద్ పోవాల్సిన పని లేదు.

సోలార్‌కు డబ్బులు ఇప్పుడు లేవంటే ఒప్పుకుంటాను. సున్నానికి కూడా లేవా? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కప్పు మీద తెల్లటి పూత ఉంటే ఎండ తిరిగిపోతుంది, కింది గదులు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. అయిదో అంతస్తువాళ్లు ఏసీ 18 మీద పెట్టుకుంటారని మనం ఎగతాళి చేస్తాం. వాళ్ల నెత్తిమీద ఉన్నది మనందరి ఉమ్మడి పెనం. దానికి పూత వేయించాల్సింది వాళ్లు ఒక్కరే కాదు.

ఇక వాన. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మన దగ్గర ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు పడుతుంది. మా కప్పు మీద అది 9 లక్షల లీటర్లు. ఆవిరికీ అటూఇటూ పోయేదానికీ అయిదో వంతు తీసేసినా 7 లక్షల పైమాటే. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 140. మే నెలలో మేము రోజుకు రెండు ట్యాంకర్లు కొంటాం. ఆ తర్వాత రెండు నెలలకు కప్పు మీది వాన నీళ్లను పైపుల్లోంచి రోడ్డు మీదికి వదిలి, లోతట్టు కాలనీ మునిగిందని టీవీలో చూస్తాం. 2020 ఆగస్టు, 2023 జులై ఎవరం మరిచిపోలేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. అంత వానను ఏ ఇంకుడు గుంతా ఆపలేదు, నిజమే. కానీ మామూలు వానలను ఆపుతుంది, మన బోరుకు కావాల్సినవి అవే.

నీళ్లను, భూమిని, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. మా బిల్డింగు ప్లానులో కూడా ఇంకుడు గుంత ఉంది, నేను కాగితం తెప్పించి చూశాను. నేలమీద ఆ చోట టైల్స్ వేసి స్కూటర్లు పెడుతున్నాం. మైకు దొరికితే చాలు, కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టించారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఒక చెరువు అలుగు దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా ఎనిమిది వందల ఏళ్ల కింద గొలుసులు కట్టారు వాళ్లు. మనం మన కప్పు నీళ్లను ముప్పై అడుగుల దూరంలో ఉన్న మన బోరుకు చేర్చలేకపోతున్నాం.

ఫంక్షన్ల గురించి ఎక్కువ రాయను. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. కాగితం గ్లాసు లోపల కూడా ప్లాస్టిక్ పొర ఉంటుంది. సిద్దిపేట జిల్లా ఊళ్లలో స్టీల్ బ్యాంకులు పెట్టి పెళ్లిళ్లకు, పేరంటాలకు స్టీలు పళ్లాలు ఇస్తున్నారు. మన సంఘం కూడా 200 పళ్లాలు, 200 గ్లాసులు కొని పెడితే సరిపోతుంది. బోళ్లు తోమే ఆమె కూలి ఫంక్షన్ చేసుకునేవాళ్లే ఇవ్వాలని ముందే రాసుకోండి, లేకపోతే రెండో ఫంక్షన్‌కే ఆగిపోతుంది. బతుకమ్మ నాడు మాత్రం మనసు చివుక్కుమంటుంది. తంగేడు, గునుగు, బంతి ఏరి తెచ్చి, కింద గుమ్మడాకులకు బదులు థర్మోకోల్ పళ్లెం పెట్టి పేరుస్తున్నారు, తేలికగా తేలుతుందని. పూలు నాలుగు రోజుల్లో నీళ్లలో కలిసిపోతాయి. ఆ పళ్లెం మా మనుమరాలి మనుమరాలి దాకా చెరువులోనే ఉంటుంది. ఇత్తడి తాంబాలమో సిబ్బో తెచ్చుకోమని సంఘం ఒక్క మెసేజ్ పెట్టినా ఆడవాళ్లం మారతాం. ఇంట్లో మూలన పడి ఉన్నాయవి.

వచ్చే జనరల్ బాడీ మీటింగుకు అజెండా రాసేటప్పుడు పార్కింగ్ స్టిక్కర్ల కంటే ముందు వీటిని పెట్టమని మా సంఘాన్ని అడుగుతున్నాను: టెర్రస్ తాళం పగటిపూట తీసి ఉంచడం, మోటరుకు సెన్సారు, ఇంకుడు గుంత మీది టైల్స్ తీయించడం, ఎరువు తొట్లు, నెలకొక ఆదివారం రిపేరు పూట. మిగతా సంఘాలవాళ్లు మీ గేటు బోర్డు ముందు నిలబడి, మీకు ఏవి వర్తిస్తాయో చూసుకోండి. మా బిల్డింగుకు వచ్చి చూస్తామంటే సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను.

నోటీసులో రాసిన 500 రూపాయలు కవరులో పెట్టి ఉంచాను. మీటింగుకు ఆ కవరూ, ఒక డబ్బాలో కిలో ఎరువూ రెండూ తెస్తాను. ముందు డబ్బా మూత తీసి వాసన చూడండి. చూశాక కూడా జరిమానా కావాలంటే రసీదు రాయండి.

ఇట్లు,
మూడో అంతస్తులో ఉండే ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
హనుమకొండ